జావాస్క్రిప్ట్‌లో సార్టింగ్: భాష చేసేదెంత, లైబ్రరీ చేసేదెంత

అర్రేను వరుసలో పెట్టే సార్ట్ మెథడ్ 1997 నాటి మొదటి ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణంలోనే ఉంది. అయినా జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్లు ఆ పనికి ఏళ్ల తరబడి లైబ్రరీల వైపే చూశారు. మొదట ప్రోటోటైప్, తర్వాత అండర్‌స్కోర్, ఆపైన లోడాష్, రామ్డా, ఈమధ్య ఈఎస్-టూల్‌కిట్. భాషలోనే ఉన్నదానికి బయటి సాయం దండగని ఒక వర్గం అంటుంది. ఉన్నది సరిపోకనే కదా ఇన్ని పుట్టాయని ఇంకో వర్గం అడుగుతుంది.

ఈ వాదన తెగకపోవడానికి కారణం, సార్టింగ్ అనే ఒక్క మాట కింద అయిదు ప్రశ్నలు కలిసిపోవడమే. రెండు విలువల్లో ఏది ముందు? రెండూ సమానమైతే ఏం చేయాలి? ఉన్న అర్రే మారాలా, కొత్తది రావాలా? విలువే లేనిదాని చోటెక్కడ? అక్షరాల వరుస ఏ భాషది? వీటిలో కొన్నిటిని భాషే తేల్చేసింది, కొన్నిటికి లైబ్రరీలు దారి చూపాయి, చివరిదాని దగ్గర మాత్రం లైబ్రరీల పద్ధతే అడ్డం వస్తోంది.

పుట్టుకతో వచ్చిన చిక్కులు

కంపేర్ ఫంక్షన్ ఇవ్వకుండా సార్ట్‌ను పిలిస్తే అది ప్రతి విలువనూ స్ట్రింగ్‌గా మార్చి, ఆ స్ట్రింగుల యూటీఎఫ్-16 సంకేతాలను పోలుస్తుంది. అందుకే 10, 9, 1 అని ఇస్తే 1, 10, 9 అని తిరిగొస్తుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాలన్నీ చిన్నక్షరాల కంటే ముందు వస్తాయి. ఏ రకం విలువలు వచ్చినా ఏదో ఒక వరుస ఇవ్వాలంటే అన్నిటినీ స్ట్రింగులు చేయడం తేలిక. ఆ తేలిక దారికి మూల్యం మాత్రం అంకెలతో పనిచేసేవారు చెల్లించారు.

రెండో చిక్కు, సార్ట్ తనకిచ్చిన అర్రేనే మార్చి మళ్లీ దాన్నే తిరిగివ్వడం. తిరిగొచ్చింది కొత్త ప్రతి అనుకుని వాడుకున్నవారికి అసలు జాబితా కూడా తారుమారైందని ఆలస్యంగా తెలిసేది. రియాక్ట్ వంటి చట్రాల్లో ఇది మరో రూపంలో ఎదురవుతుంది. అర్రే లోపలి వరుస మారినా అర్రే అదే కాబట్టి, మార్పు జరిగిందని చట్రం గుర్తించదు, తెర మీద పాత వరుసే నిలిచిపోతుంది.

మూడోది స్థిరత్వం. రెండు వస్తువుల ధర ఒకటే అయితే, సార్టింగ్‌కు ముందు వాటికున్న క్రమం తర్వాత కూడా నిలిస్తే దాన్ని స్టేబుల్ సార్ట్ అంటారు. పాత ప్రమాణం దీన్ని తప్పనిసరి చేయలేదు. ఫైర్‌ఫాక్స్ మెర్జ్ సార్ట్ వాడి స్థిరత్వం నిలుపుకుంది. క్రోమ్‌లోని వీ8 ఇంజిన్ పది వరకు విలువలుంటే ఇన్సర్షన్ సార్ట్, పది దాటితే క్విక్ సార్ట్ వాడేది. మొదటిది స్టేబుల్, రెండోది కాదు. ఎనిమిది వరుసలతో పరీక్షించినప్పుడు చక్కగా ఉన్న పట్టిక, అసలు సమాచారం చేరేసరికి చెదిరిపోయేది.

కంపేర్ ఫంక్షన్ రాయడంలో ఇంకో గొయ్యి ఉంది. అది సున్నా కంటే తక్కువ, సున్నా, సున్నా కంటే ఎక్కువ అనే మూడు రకాల జవాబుల్లో ఒకటి ఇవ్వాలి. చాలామంది మొదటిది పెద్దదా అని మాత్రం అడిగి ట్రూ లేదా ఫాల్స్ ఇచ్చి ఊరుకునేవారు. ట్రూ 1 అవుతుంది, ఫాల్స్ 0 అవుతుంది, మైనస్ జవాబు ఎన్నటికీ రాదు. వీ8 పాత ఇన్సర్షన్ సార్ట్ ఆ జవాబు సున్నా కంటే ఎక్కువా అని మాత్రమే చూసేది కాబట్టి చిన్న అర్రేల మీద ఈ తప్పు కోడ్ కూడా ఒప్పుగానే నడిచేది. 2018లో క్రోమ్ 70తో కొత్త పద్ధతి వచ్చింది. ఇంజిన్ సున్నా కంటే తక్కువా అని చూడసాగింది. దాంతో అదే కోడ్ అర్రేను ఉన్నదున్నట్టు వదిలేసింది. ఇంజిన్ చెడిందన్న ఫిర్యాదులు వచ్చాయి గానీ, చెడింది మొదటినుంచీ ఆ కోడే.

ఈ నియమాన్ని తప్పితే ఏమవుతుందో పెద్ద సంస్థలకూ అనుభవమే. ఐరోపా సమాఖ్యతో కుదిరిన ఒప్పందం ప్రకారం మైక్రోసాఫ్ట్ 2010లో విండోస్ వాడకందార్లకు బ్రౌజర్ ఎంపిక తెర చూపింది. ఎవరికీ పక్షపాతం లేకుండా బ్రౌజర్ల వరుస ప్రతిసారీ మారాలి. అందుకు సార్ట్‌నే వాడి, పిలిచినప్పుడల్లా యాదృచ్ఛికంగా జవాబిచ్చే కంపేర్ ఫంక్షన్ పెట్టారు. అన్ని వరుసలూ సమానంగా రావడం లేదని, కొన్ని బ్రౌజర్లు కొన్ని స్థానాల్లోనే ఎక్కువగా తేలుతున్నాయని బయటపడ్డాక కోడ్ మార్చాల్సి వచ్చింది. కలగాపులగం చేయడానికి సార్ట్ పనికిరాదు. లోడాష్‌లో ఆ పనికి షఫుల్ అనే వేరే ఫంక్షన్ ఉంది.

కీ అడిగే పద్ధతి

2005లో వచ్చిన ప్రోటోటైప్ లైబ్రరీ రూబీ భాష పోకడలను జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చింది. వాటిలో సార్ట్‌బై ఒకటి. రెండు వస్తువులను ఎలా పోల్చాలో చెప్పమని అది అడగదు. ఒక్కో వస్తువులో దేన్ని చూడాలో చెబితే చాలు, పోల్చడం తన పని. 2009లో జెరెమీ ఆష్కెనాస్ విడుదల చేసిన అండర్‌స్కోర్ ఈ పద్ధతిని ఊరూవాడా చేర్చింది.

లోపలి ఏర్పాటు పాతదే. పెర్ల్ ప్రోగ్రామర్లు 1990ల నుంచీ రాండల్ ష్వార్ట్జ్ పేరు మీద పిలుచుకునే ఉపాయమది. ముందు ప్రతి వస్తువుకూ దాని కీ విలువను, అర్రేలో దాని స్థానాన్ని జతచేస్తారు. ఆ జతలను సార్ట్ చేస్తారు. చివరికి జతచేసినవి విప్పి వస్తువులను మాత్రం తీసుకుంటారు. దీనితో మూడు చిక్కులూ ఒకేసారి సర్దుకున్నాయి. అంకెలు అంకెలుగానే పోల్చబడతాయి. కొత్త అర్రే వస్తుంది, పాతది చెక్కుచెదరదు. కీలు సమానమైనప్పుడు స్థానాన్ని పోలుస్తారు కాబట్టి, కింద ఉన్న ఇంజిన్ ఎలాంటిదైనా ఫలితం స్టేబుల్‌గా ఉంటుంది.

ఖర్చు కూడా తగ్గుతుంది. లక్ష వస్తువులుంటే కీ ఫంక్షన్ లక్షసార్లే నడుస్తుంది. అదే పని కంపేర్ ఫంక్షన్‌లో చేస్తే పోలికలు పదహారు లక్షల దరిదాపుకు చేరవచ్చు, ప్రతి పోలికలోనూ కీని రెండుసార్లు లెక్కగట్టాలి. కీ అంటే ఒక ప్రాపర్టీని చదవడమే అయితే ఈ తేడా లెక్కలోకి రాదు. తేదీ స్ట్రింగును విడగొట్టి తేదీగా మార్చడం వంటిదైతే బాగా తెలుస్తుంది.

2012లో జాన్-డేవిడ్ డాల్టన్ మొదలుపెట్టిన లోడాష్ ఒకటికి మించిన కీలను తీసుకుంది. 2016 నాటి నాలుగో వెర్షన్ నుంచి ఆర్డర్‌బై పేరుతో ఉన్న ఫంక్షన్‌లో, ఒక్కో కీకి ఆరోహణమా అవరోహణమా అన్నది విడిగా చెప్పవచ్చు. కీని ఫంక్షన్‌గానే ఇవ్వనక్కర్లేదు, ప్రాపర్టీ పేరు స్ట్రింగ్‌గా రాస్తే చాలు. చిరునామా లోపలి ఊరు వంటి లోతైన ప్రాపర్టీకి మధ్యలో చుక్క పెట్టి దారి చెప్పవచ్చు. ఈ సౌకర్యానికి ఒక చీకటి కోణముంది. ఆ స్ట్రింగులో ఒక్క అక్షరం తప్పు పడితే ప్రతి వస్తువుకూ కీ అన్‌డిఫైన్డ్ అవుతుంది, అన్నీ సమానమవుతాయి, స్టేబుల్ కాబట్టి పాత వరుసే తిరిగొస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. జాబితా ముందే దాదాపు వరుసలో ఉంటే ఆ తప్పు నెలల తరబడి బయటపడదు.

రామ్డా దారి వేరు. అందులో డేటా చివరి ఆర్గ్యుమెంట్. నియమాన్ని ముందే ఇచ్చి ఒక సార్టర్‌ను తయారుచేసుకుని, తర్వాత ఏ అర్రే మీదైనా ప్రయోగించవచ్చు. సార్ట్‌విత్ అనే ఫంక్షన్ కంపేర్ ఫంక్షన్ల జాబితానే తీసుకుంటుంది. మొదటిది తేల్చకపోతే రెండోదాన్ని అడుగుతుంది.

భాష అందుకున్న మేర

క్రోమ్ 70లో వచ్చిన కొత్త పద్ధతి టిమ్‌సార్ట్. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాసిన ఈ పద్ధతి అర్రేలో అప్పటికే వరుసలో ఉన్న ముక్కలను వెతికి పట్టుకుని, వాటిని కలుపుకుంటూ పోతుంది. వీ8 కూడా స్టేబుల్ అయ్యాక, ఎక్మాస్క్రిప్ట్ 2019 స్థిరత్వాన్ని తప్పనిసరి చేసింది. 2023లో టుసార్టెడ్ అనే మెథడ్ చేరింది. అది పాత అర్రేను తాకకుండా కొత్తది ఇస్తుంది. నోడ్ 20లో, ఇప్పటి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో అది ఉంది.

ఇలా లైబ్రరీలను నిలబెట్టిన కారణాల్లో స్థిరత్వం, ప్రతి తీయడం అనే రెండూ తీరిపోయాయి. మొదటి చిక్కు మాత్రం అలాగే ఉంది. టుసార్టెడ్ కూడా కంపేర్ ఫంక్షన్ లేకపోతే అంకెలను స్ట్రింగులుగానే చూస్తుంది. ఉన్న వెబ్‌సైట్లు విరిగిపోతాయన్న భయం పాత మెథడ్‌కు వర్తిస్తుంది. కొత్తదానికీ ఆ అలవాటునే అంటగట్టింది పాతదానితో పొంతన కోసమే. ఎక్మాస్క్రిప్ట్ 2025లో ఇటరేటర్లకు మ్యాప్, ఫిల్టర్ వంటి మెథడ్లు వచ్చినా సార్ట్ రాలేదు. అన్ని విలువలూ చేతికి రానిదే వరుస తేలదు కాబట్టి అది అడగవలసిన లోటు కాదు.

మూడు వర్గాలు

లైబ్రరీ అక్కర్లేదనే వర్గం బరువును ముందు పెడుతుంది. లోడాష్ మొత్తం తీసుకుంటే జిప్ చేసిన రూపంలో 24 కిలోబైట్ల దాకా ఉంటుంది. సార్ట్‌బై ఒక్కటే తెచ్చుకోవచ్చు గానీ, కీని ఫంక్షన్‌గా, స్ట్రింగ్‌గా, ఆబ్జెక్ట్‌గా ఎలా ఇచ్చినా అర్థం చేసుకోవాలి కనుక, లోతైన ఆబ్జెక్టులను పోల్చే కోడ్ కూడా దాని వెంట వచ్చేస్తుంది. పొదుపు అనుకున్నంత ఉండదు. ఇతరుల కోడ్ మీద ఆధారపడటంలోని ముప్పునూ ఈ వర్గం గుర్తుచేస్తుంది. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని ఎన్‌పీఎం నుంచి తొలగించగానే ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి. 2019లో లోడాష్‌లోని డిఫాల్ట్స్‌డీప్ ఫంక్షన్‌లో భద్రతా లోపం బయటపడి, సార్టింగ్ కోసమే లోడాష్ పెట్టుకున్నవారు కూడా వెర్షన్ మార్చుకోవాల్సి వచ్చింది.

లైబ్రరీ కావాలనే వర్గం చదివే మనిషిని ముందు పెడుతుంది. ఊరు ఆరోహణంలో, ఒకే ఊరిలో ధర అవరోహణంలో కావాలనుకుందాం. భాష మెథడ్‌తో అయితే ఊర్లను లోకేల్‌కంపేర్‌తో పోల్చి, అది సున్నా ఇస్తే రెండో ధర నుంచి మొదటి ధర తీసివేయాలి. ఆ తీసివేతలో ఏది ముందు, ఏది వెనక అన్నదే ఆరోహణమో అవరోహణమో నిర్ణయిస్తుంది. కోడ్ సమీక్షించే మనిషి ప్రతిసారీ అక్కడ ఆగి మనసులో లెక్క కట్టాలి. ఆర్డర్‌బైలో ఊరు, ధర అని రెండు పేర్లు, ఆరోహణం, అవరోహణం అని రెండు దిశలు రాస్తే సరి. రామ్డాలో అదే మాట అసెండ్, డిసెండ్ అనే రెండు ఫంక్షన్ల జాబితాగా కనిపిస్తుంది. రెండు కీల దగ్గర ఇది రుచుల తేడా మాత్రమే. వాడకందారు పట్టిక శీర్షికలు నొక్కి వరుసను తానే ఎంచుకునే తెరల్లో, కీలు ముందుగా తెలియవు కాబట్టి, ఆర్డర్‌బై పద్ధతికి నిజమైన ఆధిక్యం ఉంది.

మూడో వర్గం టైప్‌స్క్రిప్ట్ వెంట వచ్చింది. రెమెడా, దక్షిణ కొరియాకు చెందిన టాస్ సంస్థ 2024లో తెచ్చిన ఈఎస్-టూల్‌కిట్ ఈ దారివి. కీ పేరు తప్పుపడితే కోడ్ నడవకముందే పట్టుకోవాలి, వాడని భాగం బండిల్‌లో చేరకూడదు అన్నవి వీటి పట్టింపులు. లోడాష్‌లో గుట్టుచప్పుడు కాకుండా జారిపోయే అక్షరదోషానికి ఇది సూటి మందు. లోతైన దారులను స్ట్రింగ్‌గా రాసే సుఖం మాత్రం చాలావరకు వదులుకోవాలి. ఆ బేరం లాభసాటిదే. దారిని ఫంక్షన్‌గా రాయడానికి పట్టేది నాలుగు అక్షరాలు ఎక్కువ, అంతే.

విలువ లేని చోట

లైబ్రరీలకు ఇప్పటికీ గట్టి బలం ఇక్కడే ఉంది. మూడు వస్తువులున్నాయి. మొదటిదాని ధర 300, రెండోదానికి ధర ప్రాపర్టీయే లేదు, మూడోదాని ధర 100. ధరలను తీసివేసే మామూలు కంపేర్ ఫంక్షన్‌తో సార్ట్ చేస్తే లేని ధరతో చేసిన ప్రతి తీసివేతా నాన్ అవుతుంది, అంటే సంఖ్య కాని విలువ. ప్రమాణం నాన్‌ను సున్నాగా, అంటే సమానంగా తీసుకోమంటుంది. టిమ్‌సార్ట్ పక్కపక్క విలువలను పోల్చుకుంటూ వెళ్లి, ఎక్కడా తగ్గుదల కనబడక, అర్రే ముందే వరుసలో ఉందని తేల్చేస్తుంది. ఫలితం 300, ఖాళీ, 100. మధ్యలో ఉన్న ఒక్క ఖాళీ, రెండు మంచి విలువల వరుసను కూడా చెడగొట్టింది. ధర నల్ అయితే మరో తమాషా. తీసివేతలో నల్ సున్నా అవుతుంది కాబట్టి, ధర తెలియని వస్తువు ఉచిత వస్తువుల సరసన కూర్చుంటుంది.

లోడాష్ ఈ విషయంలో ముందే నిర్ణయం తీసుకుంది. మామూలు విలువల తర్వాత సింబళ్లు, తర్వాత నల్, తర్వాత అన్‌డిఫైన్డ్, అన్నిటికీ చివర నాన్. పై ఉదాహరణ 100, 300, ఖాళీగా వస్తుంది. అయితే అవరోహణం అడిగితే ఈ వరుస మొత్తం తిరగబడుతుంది, ఖాళీలన్నీ తలకెక్కి కూర్చుంటాయి. ఎక్కువ ధర ముందు చూపమన్న వాడకందారుకు మొదటి పేజీ నిండా ధర లేని వస్తువులే కనిపిస్తాయి. తప్పించుకోవాలంటే విలువ ఉందా లేదా అన్నదాన్నే మొదటి కీగా పెట్టాలి. ఎస్‌క్యూఎల్‌లో ఖాళీలు ముందా వెనకా అని విడిగా చెప్పే మాట ఉంది. జావాస్క్రిప్ట్ లైబ్రరీల్లో బాగా వాడుకలో ఉన్నవి ఆ మాటను అరువు తెచ్చుకోకపోవడం వింతే.

అంకెలు స్ట్రింగులుగా వచ్చినప్పుడు లైబ్రరీ కూడా కాపాడదు. ఫారం నుంచి వచ్చిన "10", "9" లను లోడాష్ స్ట్రింగులుగానే పోల్చి పదిని ముందు పెడుతుంది.

ఆబ్జెక్ట్‌ను సార్ట్ చేయవచ్చా

ఎక్కువ గందరగోళం ఉన్నదిక్కడ. లోడాష్ సార్ట్‌బైకి అర్రే బదులు ఆబ్జెక్ట్ ఇస్తే అది కాదనదు. లోపలి విలువలను మాత్రం తీసి, వరుసపెట్టి, అర్రేగా ఇస్తుంది. కీలు పోతాయి. కీలు కూడా కావాలంటే ఆబ్జెక్ట్‌ను జతల అర్రేగా మార్చి, సార్ట్ చేసి, మళ్లీ ఆబ్జెక్ట్‌గా కట్టాలి. లోడాష్‌లో టుపెయిర్స్, ఫ్రమ్‌పెయిర్స్, భాషలో ఎంట్రీస్, ఫ్రమ్‌ఎంట్రీస్ ఆ పని చేస్తాయి.

మళ్లీ ఆబ్జెక్ట్‌గా కట్టే ఆ చివరి మెట్టులోనే మోసం ఉంది. ఎక్మాస్క్రిప్ట్ 2015 నుంచీ ఆబ్జెక్ట్ కీలకు నియత క్రమం ఉంది. అర్రే సూచిక కాగల పూర్ణాంక కీలు ముందు, అవి ఎప్పుడూ ఆరోహణంలో. తర్వాత మిగతా స్ట్రింగ్ కీలు, చేర్చిన వరుసలో. పిన్‌కోడ్ కీగా ఆర్డర్ల సంఖ్య దాచిన ఆబ్జెక్ట్ తీసుకుంటే, విశాఖ 530001లో ఎక్కువ ఆర్డర్లు, విజయవాడ 520001లో తక్కువ, హైదరాబాద్ 500001లో ఇంకా తక్కువ ఉన్నా, ఎంత జాగ్రత్తగా సార్ట్ చేసినా, మళ్లీ ఆబ్జెక్ట్‌గా కట్టగానే 500001 ముందుకొచ్చేస్తుంది. అదే పది అంకెల మొబైల్ నంబర్ కీ అయితే వరుస నిలుస్తుంది. అర్రే సూచికల హద్దు సుమారు 429 కోట్లు, మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలై ఆ హద్దు దాటిపోతాయి. ఒకే కోడ్ ఒక కీతో పనిచేసి మరో కీతో పనిచేయకపోవడానికి ఇంతకంటే విచిత్రమైన కారణం దొరకదు. జేసన్ నిర్వచనమైతే ఆబ్జెక్ట్‌ను క్రమం లేని సమూహం అనే అంటుంది, కాబట్టి అవతలి సర్వర్ ఆ వరుసను పాటించాలన్న నియమమేదీ లేదు. వరుస ముఖ్యమైతే జతల అర్రేను అలాగే ఉంచుకోవాలి, లేదా చేర్చిన క్రమం తప్పని మ్యాప్‌ను వాడాలి.

అక్షరాల వరుస

ఊళ్లు, పేర్లు, పుస్తక శీర్షికలు మనుషులు చదివే జాబితాలు. సంకేత సంఖ్యల పోలిక ఇంగ్లిష్‌కే సరిపోదు, ఇతర భాషలకు ఇంకా దూరం. తెలుగులో యూనికోడ్ వరుస చాలావరకు వర్ణమాలను అనుసరించినా పూర్తిగా కాదు. యూనికోడ్‌లో ళ అక్షరం ల తర్వాత, వ కంటే ముందు ఉంది. బడిలో నేర్చే వర్ణమాలలో అది హ తర్వాత వస్తుంది. కాబట్టి సంకేతాలు పోల్చే ఏ సార్ట్ అయినా కళను కవి కంటే ముందు పెడుతుంది. ర తర్వాతే వచ్చే ఱ కూడా అంతే.

దీనికి భాష ఇచ్చిన సాధనం ఇంటర్నేషనలైజేషన్ ప్రమాణంలోని కొలేటర్, మొదటి కూర్పు 2012లో వచ్చింది. భాష పేరు చెప్పి దాన్ని తయారుచేసుకుంటే, ఆ భాష నియమాల ప్రకారం రెండు స్ట్రింగులను పోల్చి చెబుతుంది. అంకెల ఎంపిక పెట్టుకుంటే ఫ్లాట్ 2ను ఫ్లాట్ 10 కంటే ముందుంచుతుంది. ప్రతి పోలికకూ లోకేల్‌కంపేర్‌ను పిలవడం కంటే ఒకసారి కొలేటర్ తయారుచేసుకుని పెద్ద అర్రేల మీద వాడటం వేగం. నియమాల సమాచారం ఇంజిన్‌తో పాటు వచ్చే ఐసీయూ లైబ్రరీది. 2019లో నోడ్ 13 వచ్చేదాకా నోడ్ మామూలు కూర్పులో ఇంగ్లిష్ లొకేల్ మాత్రమే ఉండేది. బ్రౌజర్‌లో ఒక వరుస, సర్వర్‌లో మరో వరుస వచ్చి, పేజీలుగా చూపే జాబితాలో ఒక పేరు రెండుసార్లు కనిపించి, మరొకటి మాయమయ్యే అవకాశం అందుకే ఉండేది.

ఇక్కడ లైబ్రరీల బలమే బలహీనత అవుతుంది. సార్ట్‌బై, ఆర్డర్‌బై కీ అడుగుతాయి గానీ పోలిక పద్ధతిని తీసుకోవు. ఇవ్వబోతే కొలేటర్‌కు అందులో చోటు లేదు. చేయగలిగిందల్లా స్ట్రింగులను చిన్నక్షరాలుగా మార్చి కీగా ఇవ్వడం, అది ఇంగ్లిష్ పేర్లకు కాస్త పనికొస్తుంది, తెలుగుకు ఏమీ చేయదు. టుసార్టెడ్‌కైతే కొలేటర్ కంపేర్ ఫంక్షన్‌ను నేరుగా అందించవచ్చు. రామ్డా సార్ట్‌విత్‌లోనూ అది ఒదుగుతుంది. పదాన్ని ఒక్కసారి చూసి, మామూలుగా పోల్చదగిన సార్ట్ కీని కట్టి ఇచ్చే సౌకర్యం ఐసీయూలో ఉంది. దానితో కీ అడిగే లైబ్రరీలకూ భాషల వరుస అందేది, లక్షల పోలికల్లో ప్రతిసారీ నియమాలు వెతికే శ్రమా తప్పేది. జావాస్క్రిప్ట్ కొలేటర్‌లోకి ఆ సౌకర్యం రాలేదు, కంపేర్ ఒక్కటే వచ్చింది.